ఏటి అవతలికి పిలుపు

ఆ ఇంట్లో మాటలు నడవడానికి దారి ఒక్కటే ఉండేది. ఆ దారి ఇంటి కొడుకే.

అత్తగారికి చెముడు. కోడలికి పుట్టుకతోనే పీలగొంతు. ఆవిడకి వినపడదు, ఈవిడకి పెగలదు. కొడుకు నీళ్ళ పంపులు బాగుచేసేవాడు. మోటార్ల రొదలో మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు నగారాలా తయారైంది. "అమ్మా! ఇది టీ పెట్టమంటావా అని అడుగుతోంది!" అని ఆయన కేకేస్తే వీధిలో సగంమందికి టీ వేళయిందని తెలిసేది. "పంచదార తక్కువ వెయ్యమను!" అని అత్తగారు అంతకంటే గట్టిగా బదులిచ్చేది. కోడలు అన్న రెండు మాటలు ఆయన నోట్లో పడి ఆరు మాటలై అత్తగారి చెవికి చేరేవి. "నేనలా అనలేదండీ" అని కోడలు మొత్తుకుంటే, "నువ్వన్నంత మాత్రానికి ఆవిడకి కడుపు నిండుతుందేమిటే, కాస్త ఉప్పూ కారం వేశాను" అని నవ్వేవాడు.

ఆయన పోయాక ఆ ఇంట్లో సైగలు మిగిలాయి. చేతివేళ్ళు నోటి దగ్గర పెడితే భోజనం. చెంప కింద చెయ్యి పెడితే పడక. భుజానికి సంచి తగిలించుకుంటే షాపుకి వెళుతున్నానని. కోడలు కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో పని చేస్తుంది. అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టడం. రోజంతా నోరు విప్పకపోయినా జరిగే పని అది. ఇంటికొస్తే అక్కడా అంతే. వాగ్ధాటికి పేరుపడ్డ అత్తగారు కూడా, జవాబు రాని ఇంట్లో ఎవరితో మాట్లాడుతుందని, మెల్లగా మాటలు మానేసి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టింది.

అలాగే రోజులు గడిచిపోయేవి. కానీ ఒక సాయంత్రం, వంటింటి కిటికీలోంచి, అత్తగారు పక్కింటావిడతో అంటున్న మాట కోడలి చెవిన పడింది. చెముడున్న మనిషి రహస్యం కూడా గోడ దాటి వినపడుతుంది.

"వాడు పోతూ పోతూ నామీద విసుక్కునే పోయాడమ్మా. కారులోంచి మొహం అదోలా పెట్టి ఏదో అరిచాడు. ఏం తప్పు చేశానో, ఏం తిట్టాడో, ఈ పాడు చెవులకి అదైనా వినపడలేదు."

కోడలి చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఉదయం ఆయన ఛాతీ పట్టుకుని కూలబడితే అద్దె కారు పిలిచి ఎక్కించారు. అత్తగారు గుమ్మంలో నిలబడింది. ఇంజిను మోగుతోంది. కారు కదిలేముందు ఆయన అద్దంలోంచి తల బయటపెట్టి కేకేశాడు: "అమ్మా! నువ్వు తినేసి పడుకో! నా కోసం కూర్చోకు!" ఆయన రానిదే అత్తగారు ముద్ద ముట్టదు. అందుకని అన్నమాట అది. నొప్పితో మొహం వంకర తిరిగింది. అత్తగారు చూసింది మొహాన్ని. మాటని విన్నది ఆయన పక్కన కూర్చున్న కోడలొక్కతే. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు.

కోడలు పెరట్లోకి పరుగెత్తి తల అడ్డంగా ఊపింది. రెండు చేతులూ ఊపింది. కాదు, కాదు. అత్తగారు ఆ చేతులు పట్టుకుని, "నువ్వు మంచిదానివి. కాదనే అంటావు" అంది.

సైగతో 'కాదు' అని చెప్పవచ్చు. 'మరేమిటి' అన్నది చెప్పలేం. రాసి చూపిద్దామంటే అత్తగారికి అక్షరాలు రావు. చెవికి పెట్టుకునే మిషన్ ఒకటి ఉంది కానీ, అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప మనుషుల మాట రాదని ఆవిడ ఏనాడో బీరువాలో పడేసింది. పక్కింటావిడ చేత చెప్పించవచ్చు. కానీ ఓదార్చడానికి వచ్చినవాళ్ళు చెవి దగ్గర అరిచి వెళ్ళిన మాటలు అత్తగారు చాలానే విని ఉంది. వినపడినా వినపడకపోయినా తల ఊపడం ఆవిడకి అలవాటైపోయింది. ఇది కూడా ఆ లెక్కలోకే పోతుంది. విన్న మనిషి చెప్పాలి.

ఒకరోజు కోడలు ధైర్యం కూడగట్టుకుని, అత్తగారి ఎదురుగా నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. నుదురు ముడిపడింది. గొంతు కీచుమని మధ్యలోనే చీలిపోయింది. అత్తగారి మొహం చిన్నబోయింది.

"నామీద ఎందుకమ్మా అరుస్తావు? నేనేం చేశాను?"

అంతే. కోడలు మళ్ళీ ప్రయత్నించలేదు.

*

ఆయన లైబ్రరీ నుంచి తెచ్చి సగం చదివిన పుస్తకం ఒకటి ఇంట్లో ఉండిపోయింది. దాన్ని తిరిగి ఇవ్వడానికి కోడలు ఒక సాయంత్రం షాపు నుంచి అటే వెళ్ళింది. గుమ్మం పక్కన నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉంది: 'పెద్దలకు ఉచితం. బొమ్మలు వెయ్యడం, పాట, కంప్యూటరు, నాటకం. వయసు అడగం. వస్తే చాలు.'

లోపల లైబ్రేరియన్ పుస్తకం అందుకుని, అట్ట మీద చేత్తో నిమిరి, "సార్ ఎలా ఉన్నారు?" అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. ఆ లైబ్రేరియన్‌ని అందరూ ఉష్ సార్ అంటారు. ఉద్యోగ పరీక్షలకి చదువుకునే పిల్లలతో కింద గది ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అక్కడ కుర్చీ కిర్రుమన్నా ఆయన వేలు పెదాల మీదకి వెళ్ళిపోతుంది.

మేడ మీద నుంచి ఏదో చప్పుడు వస్తోంది. తేనెపట్టు దగ్గర నిలబడితే వచ్చే చప్పుడులాంటిది. కోడలు మెట్లెక్కి తలుపు దగ్గర నిలబడి చూసింది.

ముగ్గురు పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు మండిపడుతున్నారు. చేతులు విసురుతున్నారు, కళ్ళెర్రజేస్తున్నారు. అంతా గుసగుసల్లోనే.

"దుర్మార్గుడా! నీ పడవ తగలబెడతాను!" అని ఒక సన్నపాటి మనిషి గుసగుసలాడాడు.

"తగలబెట్టుకో! నేను రాను గాక రాను!" అని ఏనుగులాంటి మనిషి అంతకంటే మెల్లగా గర్జించాడు.

కుర్చీలో కళ్ళు మూసుకుని వింటున్న ముసలావిడ "బాగుంది, బాగుంది, కోపం వినపడుతోంది" అంది. ఆవిడ ఒకప్పుడు రేడియోలో నాటకాలు వేసింది. అందరూ రేడియో మేడం అంటారు. కళ్ళు తెరిచి, గుమ్మంలో కోడల్ని చూసింది.

"రామ్మా. నీకేం వచ్చు?"

"ఏం రాదండీ. నాకసలు గొంతే లేదు."

"అమ్మయ్య! ఇన్నాళ్ళకి పనికొచ్చే మనిషి దొరికింది. ఉన్నవాళ్ళతో చస్తున్నాను. ఈ లారీ మావయ్య ఒక్క మాట నోరు జారితే చాలు, కింద నుంచి ఉష్ సార్ పైకొచ్చేస్తాడు."

లారీ మావయ్య సిగ్గుగా నవ్వాడు. జీవితమంతా లారీ నడిపిన మనిషి. సన్నపాటి మనిషి సెలూన్ అన్న. మూడో ఆవిడ ఆసుపత్రి నర్సు, సిస్టరమ్మ. నాటకం రేడియో మేడమే రాసింది. ఏటి ఒడ్డు కథ. పడవవాడు ఊరి మీద అలిగి అవతలి ఒడ్డున కూర్చున్నాడు. వ్యాపారి వచ్చి బెదిరిస్తాడు, చాకలావిడ వచ్చి దెప్పుతుంది. కదలడు. చివరికి ఒక అమ్మాయి వస్తుంది. అవతలి ఊళ్ళో వాళ్ళక్కకి పురిటినొప్పులు. ఈ అమ్మాయి "ఓ పడవ తాతా!" అని పిలుస్తుంది. మూడో పిలుపుకి అతను లేస్తాడు.

ఆ అమ్మాయి వేషానికి మనిషి లేక ఆగి ఉన్నారు. కోడలు ఎంత వద్దన్నా వదల్లేదు. ఇక్కడైనా గొంతు వస్తుందేమోనన్న ఆశ మనసులో ఓ మూల లేకపోలేదు. తీరా చూస్తే ఇది గుసగుసల బడి. ఆమెకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

వారంలో రెండు సాయంత్రాలు క్లాసు. ఏరంటే రెండు బెంచీల మధ్య ఉన్న ఖాళీ. ఇవతలి ఒడ్డున కోడలు చెయ్యి చాస్తే అవతలి ఒడ్డున మావయ్య చెయ్యి తగిలేది. అంత దగ్గర్నుంచి గుసగుసగా పిలవడం ఎవరికీ వింతగా అనిపించలేదు. పైగా అందులో వాళ్ళు ఆరితేరిపోయారు. లారీ మావయ్య ఇంట్లో కూడా మెల్లగా మాట్లాడుతుంటే భార్య కంగారుపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందట. సెలూన్ అన్న "కొంచెం తల వంచండి" అన్నా ఏదో రహస్యం చెబుతున్నాడనుకుని కస్టమర్లు చెవి ఒగ్గుతున్నారట. "మా వార్డులో మాత్రం పేషెంట్లు హాయిగా నిద్రపోతున్నారు" అంది సిస్టరమ్మ.

రేడియో మేడం కోడలి పిలుపు దగ్గర మాత్రం ఆపేసేది.

"కాదమ్మా. నువ్వు భయపడుతూ పిలుస్తున్నావు. మొహం చూసుకో, ముడుచుకుపోయింది. అవతల ఉన్నది ఎవరు? నీ మనిషి. అతన్ని చూడగానే నీకు ప్రాణం లేచిరావాలి. ముందు నీ మొహాన్ని ఏరు దాటించు. గొంతు దాని వెనకే వెళుతుంది."

"అలిగినవాడు కదండీ. గట్టిగా పిలిస్తే ఇంకా కోపం రాదా?"

"గట్టిగా పిలిస్తే ఎవరికీ కోపం రాదు తల్లీ. మొహం చిట్లించి పిలిస్తే వస్తుంది."

ఆ మాట కోడల్ని ఇంటిదాకా వెంబడించింది. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి, చప్పుడు లేకుండా, మొహంతో మాత్రమే పిలిచి చూసుకుంది. బాగానే వచ్చింది. గొంతు కలపడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. పక్కగదిలో అత్తగారు పడుకుని ఉంది. వినపడదని తెలుసు. అయినా.

*

లైబ్రరీలో ఏటేటా ఒక సాయంత్రం పెద్దల క్లాసులన్నీ తాము నేర్చుకున్నది నలుగురికీ చూపిస్తాయి. బొమ్మల వాళ్ళు బొమ్మలు పెడతారు, పాటల వాళ్ళు పాడతారు. చివర్లో నాటకం. మేడ మీద గదిలోనే జరగాలి.

అత్తగారిని తీసుకెళ్ళాలని కోడలి కోరిక. వినపడకపోయినా చూస్తుంది కదా. తెడ్డు వేస్తున్నట్టు చేతులాడించింది, తనవైపు చూపించుకుంది, చప్పట్లు కొట్టింది.

"పడవెక్కాలా? ఈ వయసులో నన్ను నీళ్ళలో ముంచుదామనుకుంటున్నావా?" అంది అత్తగారు. అంటూనే మంచి చీర తీసి కట్టుకుంది.

తీరా వెళ్ళేసరికి లైబ్రరీ జనంతో కిటకిటలాడుతోంది. క్లాసుకొచ్చే ప్రతి మనిషీ ఇంటిల్లిపాదినీ వెంటేసుకొచ్చారు. మేడ మీద గది సగంమందికి కూడా చాలదు. ఉష్ సార్ కాసేపు గడ్డం గోక్కుని, "కింద ఆవరణలో పెట్టేద్దాం" అన్నాడు. కుర్చీలు కిందికి దిగాయి. బొమ్మల క్లాసు వాళ్ళు ఏరు కోసమని రంగులేసిన నీలం గుడ్డ విప్పితే అది మెట్ల దగ్గర్నుంచి కుళాయి దాకా పరుచుకుంది. బెంచీల మధ్య సందులా ఉన్న ఏరు నిజంగానే ఏరైపోయింది. గేటు అవతల రోడ్డు. రోడ్డు మీద బస్సులు.

పాటల వాళ్ళ చేతి మైకు ఒకటుంది. "అది వాడుకుంటారా?" అని ఉష్ సార్ అడిగాడు.

"మైకు పట్టుకుని ఎవడైనా పడవ నడుపుతాడటయ్యా?" అని రేడియో మేడం కొట్టిపారేసింది. పాపం, ఆవిడ జన్మలో ఎప్పుడూ మైకుకి జానెడు దూరం దాటి మాట్లాడి ఎరగదు. శ్రోతల్ని ఎన్నడూ కళ్ళతో చూసిందీ లేదు.

నాటకం మొదలైంది. సెలూన్ అన్న వ్యాపారి తలపాగాతో వచ్చి, చెయ్యెత్తి, పళ్ళు కొరికి, అద్భుతంగా కోప్పడ్డాడు. గుసగుసగా.

మొదటి వరస వాళ్ళు ముందుకి వంగారు. రెండో వరస వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో "వినపడట్లా!" అని అరిచారు.

"సౌండు పెంచండయ్యా!"

"మూకీ సినిమానా ఏంటి?"

సెలూన్ అన్న బిక్కమొహం వేసి గొంతు పెంచబోయాడు. పెరగలేదు. నెలల తరబడి నేర్చిన మాటలు నేర్చిన సైజులోనే వస్తున్నాయి. అవతలి ఒడ్డున లారీ మావయ్య ఉక్రోషం పట్టలేక, ఛాతీ నిండా గాలి పీల్చి, "ఎవడ్రా అదీ!" అని లారీ హారన్‌లా గర్జించాడు. ఆవరణంతా అదిరింది. గొంతు వచ్చింది కానీ తర్వాతి మాట పోయింది. గుసగుసలో బట్టీ పట్టిన పాఠం, కేకేసేసరికి చెట్టు మీది పిట్టల్లా ఎగిరిపోయింది. ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. జనం గొల్లున నవ్వారు. సిస్టరమ్మ వచ్చి ఆయన్ని దెప్పాల్సిన మాటలేవో తన చేతుల్లోకి చెప్పుకుని వెళ్ళిపోయింది. వెనక వరసలో కొందరు లేచి, పిల్లల చేతులు పట్టుకుని, గేటు వైపు నడవసాగారు. రేడియో మేడం మెట్ల మీద కూలబడి కళ్ళు మూసుకుంది. ఈసారి వినడానికి కాదు.

ఆ గందరగోళంలో నిశ్చింతగా కూర్చున్న మనిషి ఒక్కతే. ముందు వరసలో అత్తగారు. లోకమంతా ఎలా కనపడుతుందో ఈ నాటకమూ ఆవిడకి అలాగే కనపడుతోంది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడంలేదు. అందులో కొత్తేముంది? కానీ పక్కనున్నావిడ విసుగ్గా చేతులు తిప్పడం చూసి ఆశ్చర్యపోయింది. అందరికీ వినపడేలా అడిగింది:

"ఏం, మీక్కూడా వినపడట్లేదా?"

నవ్వులు ఆవరణ దాటి రోడ్డు మీదకి పోయాయి. వెళ్ళిపోతున్నవాళ్ళు కూడా ఆగి వెనక్కి తిరిగారు.

తెర చాటున నిలబడ్డ కోడలు ఆ మాట విన్నది. తొంగి చూసింది. ఆవరణ నిండా మనుషులు. చేతులు చెవుల వెనక పెట్టుకుని, మెడలు చాచి, అర్థంకాని మొహాలతో. ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక్క మనిషి మొహంలో చూసింది ఇప్పుడు ఇందరి మొహాల్లో ఉంది. వాళ్ళంతా వినాలనే వచ్చారు. అత్తగారు కూడా, ఇన్ని రోజులూ గుమ్మంలో కూర్చున్నది వినాలనే.

ఆమె వంతు వచ్చింది. ఏటి ఒడ్డుకి నడిచింది. మొదటి పిలుపు.

"ఓ పడవ తాతా..."

అది నీలం గుడ్డ మొదట్లోనే మునిగిపోయింది.

రెండో పిలుపు. గొంతు గీరుకుంది. నుదురు ముడిపడబోతోందని తెలుస్తోంది. అవతలి ఒడ్డున లారీ మావయ్య కళ్ళు జాలిగా చూస్తున్నాయి. ఇవతల, ముందు వరసలో, అత్తగారి చెయ్యి మెల్లగా లేచి చెవి వెనకకి చేరింది.

కోడలు ఆ చేతిని చూసింది. ఇన్నాళ్ళూ ఆవిడకి ఏం చెప్పాలన్నా ముందుగా భయం వచ్చి నిలబడేది. ఇప్పుడు ఆ చెయ్యి చూస్తే భయం కాదు, ప్రాణం లేచొచ్చింది. మొహం దానంతటదే విచ్చుకుంది. పొట్టలోంచి ఊపిరి లేచింది. ఏటి మీదికి, పడవ మీదికి, అవతలి ఒడ్డు మీదికి, గేటు దాటి బస్సుల రొద మీదికి వెళ్ళిన ఆ గొంతు ఎవరిదో ఒక్క క్షణం ఆమెకే తెలియలేదు.

"ఓ పడవ తాతా! ఇటు రా తాతా! మా అక్క ఎదురుచూస్తోంది!"

"ఆఁ!" అంది అత్తగారు.

కుర్చీలోంచి లేచి నిలబడింది. మొహం వెలిగిపోతోంది. "ఆఁ! వినపడింది! ఉండమ్మా, వస్తాడు!" అని కోడలితో అని, అవతలి ఒడ్డు వైపు తిరిగి చెయ్యెత్తింది. "ఏమయ్యా మనిషీ! ఆడపిల్ల గొంతు చించుకుని పిలుస్తుంటే దిమ్మలా కూర్చుంటావేం? లే! తెడ్డు తియ్!"

లారీ మావయ్య ఉలిక్కిపడి లేచాడు. నాటకంలో లేని మాట నోట్లోంచి వచ్చేసింది: "వస్తున్నానక్కా! తిట్టకు!" ఆ తర్వాత ఒక్కసారిగా, పోయిన మాటలన్నీ తిరిగొచ్చాయి. ఈసారి అసలు సైజులో. పడవ కదిలింది. తెడ్డు వేస్తూ ఆయన తన అలకంతా చెప్పుకున్నాడు. ఊళ్ళో అందరూ పనికి పిలిచినవాళ్ళే కానీ తాతా, మావా అని వరస పెట్టి పిలిచినవాళ్ళు లేరని చెప్పేటప్పుడు ఆ గొంతు కింది గది కిటికీలకి తగిలింది. చదువుకునే పిల్లలు పుస్తకాలు మూసి కిటికీల్లోకి వచ్చి నిలబడ్డారు. సెలూన్ అన్న, వంతు అయిపోయిందన్న మాట మరిచి, మళ్ళీ ఏటి ఒడ్డుకి ఉరికి తన కోపమంతా మొదట్నుంచి గొంతెత్తి కోప్పడ్డాడు. జనం ఈలలేశారు. సిస్టరమ్మ ఊరుకుంటుందా? ఆవిడా వచ్చి దెప్పాల్సినదంతా దెప్పి వెళ్ళింది. కథ ముందుది వెనక, వెనకది ముందు అయిపోయింది. ఎవరికీ పట్టలేదు. వెళ్ళబోయినవాళ్ళు గేటు దగ్గర నిలబడే చూశారు. రోడ్డు మీద పోయేవాళ్ళు గోడ పట్టుకుని చూశారు. రేడియో మేడం కళ్ళు తెరుచుకుని, తన శ్రోతల్ని మొదటిసారి కళ్ళారా చూస్తూ, పమిట చెంగు నోట్లో కుక్కుకుంది.

పడవ ఒడ్డు చేరేసరికి చప్పట్లు మొదలయ్యాయి. ఉష్ సార్ వేలు అలవాటుగా పెదాల దాకా లేచింది. ఆయన దానివైపు ఒకసారి చూసుకుని, రెండు చేతులూ కలిపి, అందరికంటే గట్టిగా కొట్టాడు.

*

కుర్చీలు మడుస్తున్నారు. ఎవరికి తోచిన మెచ్చుకోలు వాళ్ళు అంటున్నారు. కోడలికి అవేవీ వినపడలేదు. గొంతు ఇంకా ఒంట్లో మోగుతూనే ఉంది. ఇది చల్లారిపోకముందే చెప్పాలి. ఇంటికి వెళ్ళేదాకా ఆగితే మళ్ళీ చేతులే మాట్లాడతాయి. చుట్టూ ఇందరున్నారే అనుకుంది. ఉంటే ఉండనీ అనుకుంది.

అత్తగారికి ఎదురుగా, కొన్ని అడుగుల దూరంలో, మొహం బాగా కనపడేలా నిలబడింది.

"అత్తయ్యా!"

"ఆఁ!"

"ఆ రోజు కారులోంచి ఆయన మిమ్మల్ని విసుక్కోలేదు!"

అత్తగారు తల అడ్డంగా ఊపింది. "నాకు తెలుసులేమ్మా. నువ్వు మంచిదానివి..."

"మంచితనం కాదత్తయ్యా! నా చెవులతో విన్నాను! 'అమ్మా, నువ్వు తినేసి పడుకో, నా కోసం కూర్చోకు' అన్నారు! అంతే అన్నారు!"

అత్తగారి చెయ్యి చెవి వెనకే ఆగిపోయింది.

"తినమన్నాడా?"

"తినమన్నారు!"

"మరి మొహం అలా పెట్టాడేం?"

"నొప్పి! నొప్పికి అలా అయింది! మీ మీద కాదు!"

అత్తగారు కోడలి మొహాన్ని చాలాసేపు చూసింది. అందులో ఓదార్పు ఏమైనా కలిసిందేమోనని వెదుకుతున్నట్టు చూసింది. కలవలేదు. అప్పుడు కుర్చీ వెన్ను పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"వెధవ. ప్రాణం మీదికొచ్చినా నా తిండి గోలే వాడికి" అంది. "ఆ రోజు నేను తినలేదమ్మా. వాడొస్తాడని కూర్చున్నాను."

"తెలుసత్తయ్యా!"

ఆవిడ కళ్ళు తుడుచుకుని తలెత్తింది. "ఏదీ, ఇంకోసారి చెప్పు."

"వినపడలేదా?"

"వినపడింది. అయినా చెప్పు."

కోడలు మళ్ళీ చెప్పింది. ఈసారి ఆయన ఎలా అన్నాడో అలాగే, 'అమ్మా' దగ్గర సాగదీసి, 'కూర్చోకు' దగ్గర కొట్టినట్టు ఆపి చెప్పింది. అత్తగారు కళ్ళు మూసుకోలేదు. కోడలి పెదాలు చూస్తూ విన్నది. కుర్చీలు మోస్తున్న లారీ మావయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంటికి నడిచి వెళ్ళారు. దీపాలు పెట్టే వేళ. వీధిలో సగం తలుపులు తెరిచే ఉన్నాయి. అత్తగారి నోటికి ఇక కళ్ళెం లేదు. ఇన్నాళ్ళుగా దాచుకున్న ప్రశ్నలన్నీ బయటికొస్తున్నాయి. డాక్టరు ఏమన్నాడు? నీ షాపులో నిన్ను బాగా చూస్తారా? నువ్వెందుకింత చిక్కిపోయావు? మధ్యలో నాటకం మీద విమర్శలు.

"ఆ తలపాగా మనిషి మళ్ళీ ఎందుకొచ్చాడు? ఒకసారి తిట్టి వెళ్ళాడుగా!"

"మొదటిసారి ఎవరికీ వినపడలేదత్తయ్యా!"

"అందుకని కథ పాడుచేస్తాడా?"

"మీరు మాత్రం మధ్యలో లేచి అరవలేదూ!"

"నేను అరవబట్టే వాడు లేచాడు! లేకపోతే మీ అక్క గతేం కాను?"

"మా అక్క నాటకంలో అక్కండీ!"

"ఎవరైతేనేం, నొప్పులు నొప్పులే!"

కోడలు పకపకా నవ్వింది. గొంతు బొంగురుపోయింది, మాట మాటకీ దగ్గొస్తోంది, అయినా తగ్గలేదు. వీధి మలుపులో ఒక కిటికీ తెరుచుకుంది. పక్కింటావిడ కంగారుగా తల బయటపెట్టింది.

"ఏమైందమ్మా? అత్తా కోడళ్ళు వీధిలో పడి ఆ గొడవేమిటి?"

అత్తగారికి ఆ మాట వినపడలేదు. కిటికీలో తల కనపడింది, ఏదో అడుగుతోందని తెలిసింది. ఆగి, కోడలి భుజం మీద చెయ్యి వేసి, వీధి వీధంతా వినేలా చెప్పింది:

"మా కోడలు మాట్లాడుతోంది!"